ఇనుము ఎక్కడిదో చెప్పిన మనిషి

అలేయిదా కైసేదో మా ఇన్‌స్టిట్యూట్‌లో ఇరవై మూడేళ్లు పనిచేసింది. ఆమెను పంపించేసిన రోజున వీడ్కోలు మాటలు లేవు, కేకు లేదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేసి, కొండమీది పేటకు వెళ్లే జీపు వెనక బల్ల మీద కూర్చుని వెళ్లిపోయింది. నేను నేలమాళిగలోని వర్క్‌షాపు కిటికీలోంచి చూశాను. చూసి, మళ్లీ లేత్ మిషను ఆన్ చేసుకున్నాను. ఇప్పుడీ కథ చెప్పవలసిన అవసరం నాకే ఎక్కువ.

నా పేరు ఫానోర్. కాలీ నగరంలో ఆ ఇన్‌స్టిట్యూట్‌కి కావలసిన ఉక్కు, ఇత్తడి సామానంతా ముప్పై ఏళ్లపాటు నేనే తయారుచేశాను. పై అంతస్తుల్లో డాక్టర్లు, ప్రొఫెసర్లు. కింద నేను, నా వెనక పంపుల మోత.

అలేయిదా చదివింది ఆరో తరగతి. పదహారో ఏట పెంకుల ఫ్యాక్టరీలో చేరి, బట్టీ కన్నంలోంచి లోపలి ఎరుపు చూసి ఎంత వేడెక్కిందో చెప్పడం నేర్చుకుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఎనభై ఏడులో, మా దగ్గర ఊడ్చే పనికి వచ్చింది. అదే సంవత్సరం ప్రొఫెసర్ ఒక్తావియో లెమోస్ జర్మనీలో డాక్టరేట్ చేసి, పన్నెండు చెక్క పెట్టెల సామానుతో దిగాడు. బక్కపలచటి మనిషి, ముప్పై రెండేళ్లు, ఎవరైనా చెప్పేది వింటున్నప్పుడు తల పక్కకు వాల్చేవాడు. ఆయన చేయదలచుకున్నది లోహపు ఆక్సైడ్ల పొరలు. వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు ఉండే పొరలు. వాటికి ముందు ఆక్సైడ్ పొడిని బిళ్ళగా నొక్కి, కొలిమిలో రాయిలా కాల్చాలి. మూడు నెలలు కాల్చిన ప్రతి బిళ్ళా పగిలింది.

ఒకరోజు కొలిమి గదిలో ఆయన పగుళ్ల బిళ్ళ చేతిలో పట్టుకుని జర్మన్‌లో తిట్టుకుంటుంటే, అలేయిదా చీపురు గోడకు ఆనించింది.

"ప్రొఫె, కోపగించుకోనంటే ఒక మాట. మీరు దాన్ని తొందరపెడుతున్నారు."

"తొందరా? పన్నెండు గంటలు కాలుస్తున్నాను."

"కాల్చడం కాదండీ. మొదట్లో. లోపల తడి బయటికి రావడానికి దారివ్వాలి కదా? మా ఫ్యాక్టరీలో మొదటి పూట బట్టీని కుంపటిలాగే ఉంచేవాళ్లం. చల్లార్చేటప్పుడు తలుపు అసలు ముట్టుకోకూడదు. చంటిబిడ్డ నిద్రపోతున్నట్టు అనుకోండి."

ఆయన తల పక్కకు వాల్చి విన్నాడు. ఆ రోజుల్లో ఆయన వినేవాడు. వారం తర్వాత కొలిమిలోంచి మొట్టమొదటి నిండు బిళ్ళ బయటికి వచ్చింది. గోటితో కొడితే పింగాణీ పళ్లెంలా మోగింది. ఆయన ఆ బిళ్ళను, అలేయిదాను వెంటబెట్టుకుని నా వర్క్‌షాపుకు పరుగెత్తుకొచ్చాడు. "చూడు ఫానోర్, ఈవిడ నా ప్రొఫెసర్!" అన్నాడు. ఆమె చీపురు మళ్లీ పట్టుకోలేదు.

తర్వాత లేజర్ వచ్చింది. డ్రమ్మంత ఉక్కు గదిలోంచి గాలంతా లాగేసి, కొంచెం ఆక్సిజన్ వదిలేవారు. లోపల బిళ్ళ మెల్లగా తిరుగుతుంటే లేజర్ దెబ్బ మీద దెబ్బ వేసేది, సెకనుకు పది. దెబ్బ పడ్డచోట బిళ్ళ పైన ఒక పిసరు ఆవిరైపోయి, దీపం మంట ఆకారంలో ముందుకు లేచేది. ఎదురుగా ఎర్రగా కాగుతున్న గోరంత పలక మీద ఆ ఆవిరి పేరుకుని పొరయ్యేది. చెప్పుకోడానికి ఇంతే. కానీ ఆక్సిజన్ రవ్వంత తక్కువైతే పొర చెడుతుంది, పలక వేడి కాస్త తగ్గితే చెడుతుంది, బిళ్ళ సరిగ్గా కాలకపోతే పొర మీద బొట్లుబొట్లుగా రాలుతుంది. అలేయిదా రంగుటద్దాలు పెట్టుకుని కిటికీలోంచి మంట చూసేది. "ఇవాళ మొన కురచగా ఉంది, లోపల గాలెక్కువైంది," అనేది. మీటరు చూస్తే నిజమయ్యేది.

పొడులు నూరడం, బిళ్ళలు నొక్కడం, కాల్చడం, పంపుల నూనె మార్చడం, పలకలు కడగడం, చివరికి విద్యార్థులకు పని నేర్పడం కూడా ఆమెదే అయింది. పద్దెనిమిది మంది ఆమె చేతికింద నేర్చుకుని డాక్టర్లయ్యారు. వాళ్ల వ్యాసాల చివర, కృతజ్ఞతలు చెప్పేచోట, ఆమె పేరు ఒక ముక్క కనపడేది. ఒకసారి 'కైసేదో' బదులు 'సాల్సేదో' అని పడింది. ఆమె నవ్వి, "పోన్లే, ఆ సాల్సేదో గారెవరో అదృష్టవంతురాలు," అంది.

రెండువేల మూడులో లెమోస్ దగ్గరికి ఇంగ్రిద్ అనే అమ్మాయి డాక్టరేట్‌కి వచ్చింది. తుమాకో రేవు పిల్ల. వాళ్లింట్లో స్కూలు దాటినవాళ్లు లేరు. నోరు మెదపకుండా, తల దించుకుని పనిచేసేది. ఆమెకు జింక్ ఆక్సైడ్ పొరలు ఇచ్చారు. పసిపిల్లల ఒరుపులకు రాసే తెల్ల పూతలో ఉండే పొడే అది. దానికీ అయస్కాంతానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఇంగ్రిద్ నీలమణి పలకల మీద వేసిన పొరలు కొలిస్తే, అయస్కాంత గుణం కనబడింది. చాలా కొంచెం. కానీ ఉంది.

ఇక చూడాలి ఆ హడావుడి. ఇనుము కలపకుండానే, మామూలు గది వేడిలో అయస్కాంతమయ్యే ఆక్సైడ్! దానితో ఏవేవో యంత్రాలు చేయొచ్చట. పెద్ద పత్రికలో వ్యాసం అచ్చయింది. కాలీ పేపర్లో లెమోస్ ఫొటో వేశారు, ఉక్కు గది మీద చెయ్యి వేసి, గుర్రం పక్కన నిలబడ్డ జమీందారులా. రాజధాని బొగోటా నుంచి పెద్దలు వచ్చి చూసి వెళ్లారు. కొత్త భవనం మాట మొదలైంది. అప్పటికి లెమోస్ పెద్ద పొట్ట, పెద్ద గది ఉన్న మనిషి. తల పక్కకు వాల్చడం ఎప్పుడో మానేశాడు.

ఆ సంబరాల మధ్యలోనే ఒక మధ్యాహ్నం అలేయిదా నా దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా ఫానోర్, నాకు పట్టకారు ఒకటి కావాలి. ఇంతే ఉండాలి, చిన్నది. కొసలు ఉక్కువి వద్దు. ప్లాస్టిక్కో, కర్రో."

"నీ దగ్గర వెదురుది ఉండాలే?"

"నాది నాకుంది. ఇంగ్రిద్‌కి. ఆ పిల్ల ఉక్కుదానితో పలక అంచు పట్టుకుంటోంది. నీలమణి ఎంత గట్టిదో తెలుసుగా? ఉక్కునే గీకేస్తుంది. గీకితే ఏం అంటుకుంటుంది చెప్పు?"

"ఇనుము," అన్నాను. అన్నాక నా చేతిలో పని ఆగిపోయింది.

"నేను పట్టుకున్న పలకల్లో అయస్కాంతం లేదయ్యా. ఆ పిల్ల పట్టుకున్నవాటిలోనే ఉంది. నేను నాలుగు నెలలుగా చూస్తున్నాను."

అనుమానంతో ఊరుకునే మనిషి కాదు. ఒకే బిళ్ళ నుంచి, ఒకే వారంలో ఎనిమిది పొరలు వేసింది. నాలుగింటిని ఉక్కు పట్టకారుతో, నాలుగింటిని వెదురు పట్టకారుతో పట్టుకుంది. ఏది ఏదో చెప్పకుండా కొలిచే గదికి పంపించింది. ఉక్కు తగిలిన నాలుగూ అయస్కాంతాలు. మిగతా నాలుగూ ఉత్త జింక్ ఆక్సైడ్.

ఆమె ఆ సంగతి ప్రొఫెసర్‌కి చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. లేజర్ గదిలో, పలకను వేడిచేసే దిమ్మ వదులైతే బిగిస్తున్నాను. ఆమె కాగితం బల్లమీద పెట్టి, ఎనిమిది పొరల సంగతీ నిదానంగా చెప్పింది. లెమోస్ కాగితం చదివాడు.

"ఇది ఇంకెవరికైనా చెప్పారా, డోన్యా అలేయిదా?" అన్నాడు. డోన్యా అంటే మా దగ్గర 'గారు'.

"మొదట మీకే, ప్రొఫె."

"మంచిది. ఇక్కడితో ఆగనివ్వండి."

"అంటే, పత్రికవాళ్లకి రాసి..."

"ఎనిమిది పొరలతో ఏం తేలుతుంది? కొలతల్లో తప్పులుంటాయి, మీకు తెలియని కారణాలు నూటొకటి ఉంటాయి. మీరు బిళ్ళలు కాల్చండి. ఆలోచించే పని మాకు వదిలెయ్యండి."

ఆమెకు ముఖం మీద కొట్టినట్టయింది. ఇరవై ఏళ్లలో ఆయన ఆమెతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. నేను స్పానర్ ఇంకో చుట్టు తిప్పాను.

అప్పుడైనా అలేయిదా పెద్ద డైరెక్టర్‌కి ఉత్తరం రాసి ఉండవలసింది. రాస్తానని బయల్దేరింది కూడా. మెట్ల దగ్గర ఇంగ్రిద్ ఆపింది. ఆ మాటలు తర్వాత అలేయిదాయే నాకు చెప్పింది.

"డోన్యా అలే, మీ కాళ్లు పట్టుకుంటాను. నా థీసిస్ సభ రెండు నెలల్లో ఉంది. మా అమ్మ చేపలు శుభ్రం చేసి నన్ను ఇంతదాకా పంపింది. ఇది అబద్ధమని తేలితే నా నాలుగేళ్లూ చెత్తబుట్టలోకే."

"అబద్ధం నువ్వు చెప్పలేదమ్మా. తెలీక జరిగింది."

"తెలీక జరిగింది అంటే నమ్ముతారా? నల్లపిల్ల, తుమాకో పిల్ల, పట్టకారు పట్టుకోవడం కూడా రాదు అంటారు."

అలేయిదా ఆ ఉత్తరం రాయలేదు. "పిల్ల గట్టెక్కాక చెబుదాం," అంది నాతో. ఇంగ్రిద్ గట్టెక్కింది. ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వచ్చి బార్రాంకియా నగరానికి వెళ్లిపోయింది. మొదటి క్రిస్మస్‌కి ఒక కార్డు పంపింది. తర్వాత లేదు. ఆ పిల్లకు దొరికిన ఉద్యోగం పోతుందని అలేయిదా అప్పుడూ నోరు విప్పలేదు.

రెండున్నరేళ్లకు పిడుగు పడింది. కొరియాలో ఒకళ్లు, చెక్ దేశంలో ఒకళ్లు ఆ పొరలు వేసి చూశారు. అయస్కాంతం రాలేదు. మా పొరలు రెండు అడిగి తెప్పించుకుని, అంచుల్లో ఇనుము చూపించారు. మధ్యలో లేదు, పట్టుకున్నచోటే ఉంది. పత్రిక వివరణ అడిగింది. ఇన్‌స్టిట్యూట్ విచారణ కమిటీ వేసింది.

లెమోస్ ఇచ్చిన వివరణ రెండు పేజీలు. అందులో తేలినదేమిటంటే, పలకలను ఉక్కు తగలకుండా పట్టుకోవాలన్నది తన ప్రయోగశాలలో మొదటినుంచీ ఉన్న నియమం. ఆ నియమాన్ని అమలు చేయవలసింది సాంకేతిక సహాయకురాలు. ఆమె నిర్లక్ష్యం చేసింది. అంతేకాదు, దోషం తెలిసి కూడా రెండున్నరేళ్లు ఎవరికీ చెప్పలేదు.

అలేయిదా కమిటీకి ఎనిమిది పొరల సంగతి చెప్పింది. తాను ప్రొఫెసర్‌కి చెప్పానంది. ఎప్పుడు, ఏ గదిలో అని అడిగారు. చెప్పింది. సాక్ష్యం ఉందా అన్నారు.

"ఫానోర్ ఉన్నాడు," అంది.

నన్ను పిలిపించారు. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. ఒక పక్కగా లెమోస్, చేతులు కట్టుకుని. నా వైపు చూడలేదు. చూడాల్సిన పనిలేదు, ఆ ముందు రోజే వర్క్‌షాపుకు దిగివచ్చాడు. "నీకింకా రెండేళ్లేగా పెన్షన్‌కి, ఫానోర్? వర్క్‌షాపు బయటివాళ్లకిచ్చేద్దాం అంటున్నారు పైవాళ్లు. నేనే ఆపుతున్నాను," అన్నాడు. బెదిరించినట్టు లేదు. వాతావరణం గురించి చెప్పినట్టుంది.

కమిటీ పెద్దాయన అడిగాడు. "ఆ రోజు ఆ సంభాషణ మీరు విన్నారా, డోన్ ఫానోర్?"

"నేను దిమ్మ బిగిస్తున్నానండీ. పంపులు మోగుతున్నాయి."

"విన్నారా, లేదా?"

"గుర్తులేదండీ."

అలేయిదా నా పక్క కుర్చీలోనే ఉంది. తిట్టలేదు. "ఫానోర్, నీకు గుర్తులేదా?" అని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లో అనుకున్నాను. తన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివైపు చూసుకుంటూ కూర్చుంది. ఆ వారమే ఆమెకు తొలగింపు కాగితం ఇచ్చారు. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. కింద నోట్‌లో 'సాంకేతిక సిబ్బంది పొరపాటు వల్ల' అని రాశారు. అచ్చులో ఆమె ప్రస్తావన పేరు లేకుండా రావడం అదే మొదటిసారి. లెమోస్‌కి ఏమీ కాలేదు. తప్పు తానే ఒప్పుకున్న నిజాయితీపరుడని మెచ్చుకున్నారు కూడా. నాలుగేళ్ల తర్వాత రిటైరైతే కింది సమావేశపు హాలుకు ఆయన పేరు పెట్టారు. నాకు పెన్షన్ సక్రమంగా వచ్చింది.

అలేయిదా కొండమీద తన పేటలోనే, మలుపు దగ్గరున్న బేకరీలో చేరింది. తెల్లవారేసరికి జున్ను ఉండలు, పాండెబోనోలనే జున్ను రొట్టెలు పొయ్యిలోకి ఎక్కించే పని. యాభై రెండేళ్ల మనిషికి ఇంకే పని ఇస్తారు? 'నిర్లక్ష్యం వల్ల తొలగింపు' అన్న కాగితం చూశాక వేరే పెంకుల ఫ్యాక్టరీలవాళ్లు కూడా వద్దన్నారని విన్నాను. నేను ఏడేళ్లు ఆ మలుపు దాకా పోలేదు.

ఏడేళ్లయ్యాక కొత్త డైరెక్టర్ నన్ను ఇంటినుంచి పిలిపించాడు. కుర్ర డాక్టర్, మర్యాదస్థుడు. కొత్త లేజర్ కొన్నారట. బిళ్ళలు కాల్చడానికి ఇంజినీరింగ్ చదివిన అమ్మాయిని పెట్టారట. ఆరు నెలల్లో ఒక్క బిళ్ళ కూడా నిలవలేదట.

"పాతరోజుల్లో ఎవరో ఒకావిడ అద్భుతంగా చేసేదని విన్నాను. రెండు వారాలు వచ్చి నేర్పితే చాలు. మీకు పరిచయం కదా, అడిగి చూస్తారా?"

వెళ్లాను. పొద్దున తొమ్మిదింటి వేళ. బేకరీలో జనం తగ్గారు. అలేయిదా జుట్టు తెల్లబడింది. మోచేతుల దాకా పిండి. నన్ను చూసి, ఉన్న చోటనే నిలబడింది.

"కూర్చో. కాఫీ తాగుతావా?"

తాగాను. వచ్చిన పని చెప్పాను. ఆమె వింటూనే ట్రే నింపింది, పొయ్యిలోకి తోసింది, తలుపు మూసింది.

"ఆరు నెలలా?" అంది. "తొందరపెడుతున్నారు."

"వస్తావా?"

"నీకిప్పుడు గుర్తుందా ఫానోర్?"

"ఉంది," అన్నాను.

"ఎప్పుడు గుర్తొచ్చింది?"

"ఎప్పుడూ మర్చిపోలేదు, అలేయిదా."

"ఊఁ," అంది. చేతుల పిండి గుడ్డకు తుడుచుకుంది. "నాకు కోపం లేదని చెబుతాననుకున్నావేమో. ఉంది. లెమోస్ మీద కన్నా నీమీదే ఎక్కువుంది. ఆయన పోగొట్టుకునేది చాలా ఉంది. నువ్వు పెన్షన్‌కి మిగిలిన రెండేళ్లు చూసుకున్నావు. నాకు పోయినవి ఇరవై మూడు."

ఆమె నా ముందున్న ఖాళీ కప్పు తీసేసింది.

"వాళ్లకి కాగితం మీద రాసివ్వు. విన్నానని. ఏం విన్నావో కూడా. అది వాళ్ల ఫైల్లో పడితే నేనొస్తాను. ఆ అమ్మాయికి నేర్పిస్తాను. నాకు కూలి కూడా వద్దు."

ఆ రోజే ఇంటికి వెళ్లి రాయడం మొదలుపెట్టాను. ముగించడానికి మూడు రోజులు పట్టింది, నేను రాసే మనిషిని కాను. లేజర్ గది, ఎనిమిది పొరలు, లెమోస్ అన్న ప్రతి మాట, ముందు రోజు వర్క్‌షాపులో నాతో అన్నది, నేను చెప్పిన అబద్ధం. కింద సంతకం చేసి డైరెక్టర్ చేతికిచ్చాను. ఆయన మొదటి పేజీ చదివి, రెండో పేజీ తిప్పకుండా బల్లమీద బోర్లించాడు.

"డోన్ ఫానోర్, మీ బాధ అర్థమైంది. కానీ ఆ ఫైలు మూసేశారు. కమిటీలో ఇద్దరు చనిపోయారు. ప్రొఫెసర్ లెమోస్‌కి గుండె ఆపరేషన్ అయింది. ఇప్పుడిది తవ్వితే ఎవరికి లాభం?"

"ఆవిడకండీ."

"ఆవిడని గౌరవంగానే పిలుస్తున్నాంగా. పాతది పక్కన పెట్టి రమ్మనండి."

కాగితం నా వైపు జరిపాడు. నేను కింద రిసెప్షన్‌లో ఇస్తే, అక్కడి అమ్మాయి అందినట్టు ముద్ర కొట్టి ఒక ప్రతి నాకిచ్చింది. అసలుది ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. జవాబు రాలేదు.

ముద్ర ఉన్న ప్రతి పట్టుకుని మళ్లీ కొండెక్కాను. అలేయిదా బేకరీ గుమ్మంలో నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, రెండు పేజీలూ రెండుసార్లు చదివింది. కొండగాలికి కాగితం కొట్టుకుంటుంటే వేళ్లతో అదిమిపట్టుకుంది. డైరెక్టర్ అన్నది కూడా చెప్పాను, దాచలేదు.

"బాగా రాశావు," అంది. "ఒక్క అక్షరం కూడా తప్పు లేదు."

ఒక్క క్షణం నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఆ రోజు ఆ బల్లముందు దీనిలో రెండు ముక్కలు నోటితో అని ఉంటే సరిపోయేది. ఇంత రాసే పని ఉండేది కాదు." కాగితం మడిచి నా జేబులో పెట్టింది. "ఇది నాకెందుకు? నాకు తెలిసిందేగా. నీ దగ్గరే ఉంచుకో."

ఇన్‌స్టిట్యూట్‌కి ఆమె వెళ్లలేదు. వాళ్లూ మళ్లీ అడగలేదు. బిళ్ళలు ఇప్పుడు జర్మనీ నుంచి తెప్పించుకుంటున్నారు. మూడు నెలలు పడుతుందట రావడానికి. కస్టమ్స్‌లో పెట్టె జారితే సగం పగిలి వస్తాయట. ఆ ఇంజినీరు అమ్మాయి ఉద్యోగం మానేసింది. నేను మళ్లీ ఆ బేకరీకి పోలేదు. పొమ్మని అలేయిదా అనలేదు, రమ్మని కూడా అనలేదు.